వెనక లైటు వెలగని బండి

వాన వెలిసిన సాయంత్రం, ధౌలా కువా సిగ్నల్ దగ్గర ముందున్న మోటార్ సైకిల్ ఉన్నట్టుండి ఆగింది. హరిప్రియ బ్రేకు పట్టేలోపే ఆమె మోపెడ్ జారి వెళ్ళి దాని మడ్‌గార్డును గుద్దుకుంది. మోకాలు గీసుకుపోయింది. దుపట్టా నిండా బురద.

"ఆప్ కీ బ్రేక్ లైట్ నహీ జల్తీ క్యా?" అంది లేస్తూ.

హెల్మెట్ తీసిన అబ్బాయి కంగారులో హిందీ మరిచిపోయాడు. "అయ్యో, దెబ్బ తగిలిందాండీ?"

"తెలుగువాళ్ళా? అయితే తెలుగులోనే అడుగుతాను. మీ బ్రేక్ లైట్ ఎందుకు వెలగలేదు?"

"వెలుగుతుందండీ, చూడండి." చేతి బ్రేకు నొక్కాడు. లైటు ఎర్రగా వెలిగింది.

"ఇప్పుడు కాలితో నొక్కండి."

నొక్కాడు. వెలగలేదు. ఇంకా గట్టిగా తొక్కాడు. ఊహూఁ.

"కాలి బ్రేకుకు వేరే స్విచ్ ఉంటుంది. అది పోయింది. మా నాన్నగారు ఆర్మీ వర్క్‌షాప్‌లో సుబేదార్. నేను బండ్ల మధ్య పెరిగాను."

"నేను మినిస్ట్రీలో అసిస్టెంట్‌నండీ, విష్ణువర్ధన్. ఫైళ్ళ మధ్య పెరుగుతున్నాను."

ఆమె నవ్వు ఆపుకుంది. "స్విచ్ మార్చి తెచ్చి చూపించండి. లేకపోతే నాలాగే ఇంకొకరు పడతారు." కంటోన్మెంట్‌లో తమ క్వార్టర్ ఎక్కడో చెప్పి మోపెడ్ ఎక్కింది. పరిచయం లేనివాడికి ఇంటి గుర్తులు ఎందుకు చెప్పినట్టు అని దారి పొడుగునా తనను తానే అడుగుతూ వెళ్ళింది.

ఆదివారం అతను నిజంగానే వచ్చాడు. కరోల్ బాగ్‌లో స్విచ్ కొని, తనే బిగించాడట. గేటు ముందు బండి ఆపి, గర్వంగా పక్కకు జరిగాడు.

హరిప్రియ వెనక్కి వెళ్ళి చూసింది. "మొన్న వెలగలేదు. ఇవాళ ఆరడం లేదు."

అతని ముఖం వాడిపోయింది. ఆమె లోపల్నుంచి స్పానర్ తెచ్చి, పెడల్ పక్కన కూర్చుంది. "స్విచ్ మరీ పైకి బిగించారు. స్ప్రింగ్ ఎప్పుడూ స్విచ్‌ను లాగుతూనే ఉంటోంది. కాస్త కిందికి దించుతాను, మీరు లైటు చూస్తూ ఉండండి. ఆరిందా?"

"లేదండీ."

నట్టు ఇంకొంచెం తిప్పింది. "ఇప్పుడు?"

తల ఎత్తి చూస్తే అతను లైటును కాదు, తనను చూస్తున్నాడు. లైటు ఎప్పుడో ఆరిపోయింది. ఆమె చప్పున తల దించుకుని చేత్తో పెడల్ నొక్కింది.

"వెలిగిందండీ," అన్నాడు అతను నెమ్మదిగా.

ఆ రోజు హరిప్రియ తండ్రి లక్ష్మీపతి అతన్ని లోపలికి పిలిచి, ఏ ఊరని అడిగారు. ఒంగోలు అనగానే ఆమె తల్లి పార్వతమ్మ రెండోసారి కాఫీ ఇచ్చింది. తర్వాత అతను చాలా ఆదివారాలు వచ్చాడు. ఒకసారి తెలుగు పత్రిక ఇవ్వడానికి, ఒకసారి గొడుగు మరిచిపోయానని. చెప్పవలసిన మాట మాత్రం చెప్పలేదు.

ఇంతలో లక్ష్మీపతికి సికింద్రాబాద్ పోస్టింగ్ వచ్చింది. హరిప్రియ ఆ సంగతి అతనికి చెప్పకుండా ఊరుకుంది. పార్వతమ్మ చెప్పేసింది. అతను కప్పులో కాఫీ వదిలేసి వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం బండి తోసుకుంటూ వచ్చాడు. "బ్రేక్ లైట్ మళ్ళీ వెలగడం లేదండీ."

ఆమె వంగి చూసింది. స్విచ్ బాగానే ఉంది. దాన్ని పెడల్‌కు కలిపే స్ప్రింగే లేదు. "స్ప్రింగ్ ఏది?"

"జేబులో ఉంది."

హరిప్రియకు ఒళ్ళు మండింది. "నా మోకాలి మీద మచ్చ ఇంకా పోలేదు. ఆర్.కె. పురంలో మీ గది నుంచి లైటు వెలగకుండానే నడుపుకొచ్చారా?"

"లేదండీ. మీ వీధి మలుపులో తీశాను. అక్కణ్ణుంచి తోసుకొచ్చాను."

కోపం ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియలేదు. "ఎందుకూ?"

"రావడానికి ఏదో ఒక కారణం ఉండాలిగా."

"కారణం లేకుండా వస్తే ఎవరు పొమ్మన్నారు?"

అతను జేబులోంచి స్ప్రింగ్ తీశాడు. "మీరు వెళ్ళిపోతే ఈ ఊళ్ళో నాకు ఆదివారం ఉండదు. మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉంది. మీకు ఇష్టమైతేనే."

ఆమె చెయ్యి చాపింది. స్ప్రింగ్ తీసుకుని బండి పక్కన కూర్చుని తగిలించసాగింది. ముఖం కనబడకుండా ఉండటానికి అదే వీలుగా ఉంది. "ఇష్టమే," అంది అక్కడి నుంచే.

వరండాలో పేపరు మడిచిన చప్పుడైంది. లక్ష్మీపతి. హరిప్రియ గబుక్కున లేచి నిలబడింది.

"బాబూ, ఈ మాట మీ ఇంట్లో చెప్పావా?"

"ఇంకా లేదండీ."

"ముందు వాళ్ళకు చెప్పు. మా వైపు సంగతి మీ ఆంటీ ఎప్పుడో తేల్చేసింది."

"వంట అయ్యేలోపు ఫోన్ చేసి రండి. అచ్ఛా హరిప్రియా, చెప్పులు వేసుకో, నువ్వు కూడా వెళ్ళు," అంది వంటింట్లోంచి పార్వతమ్మ.

ఎస్‌టీడీ బూత్‌లో చాలాసేపు నిలబడ్డాక లైను దొరికింది. "అమ్మా, ఒక అమ్మాయి... అవును, తెలుగే... నా పక్కనే ఉంది," అని విష్ణువర్ధన్ హఠాత్తుగా రిసీవర్ ఆమె చేతిలో పెట్టేశాడు.

హరిప్రియ పుట్టి పెరిగిందంతా కంటోన్మెంట్లలోనే. ఎవరి అమ్మనైనా ఆంటీ అనే పిలిచింది. అద్దాల తలుపు మీద చినుకులు జారుతున్నాయి. ఆమె రిసీవర్ చెవికి ఆనించుకుంది.

"నమస్కారం అత్తయ్యా."

అవతల విష్ణువర్ధన్ తల్లి దుర్గాంబ మెల్లగా అంది. "అత్తయ్యా అన్నావుగా తల్లీ, ఇంక ఆ మాట వెనక్కి తీసుకోకు. వాడు అక్కడ సరిగ్గా తింటున్నాడా?"

హరిప్రియ అతని వైపు చూసింది. "ఇవాళ మా ఇంట్లోనే తింటారు అత్తయ్యా," అంది.