గడ్డి తొక్కని మనిషి

"ఈ రైలు బ్రైటన్ వెళ్తుందా?" ఎదుటి కుర్చీ లాక్కుంటూ అడిగాడు పెల్లో.

"వెళ్తుంది. కానీ అక్కడ వాన," అంది మాగ్దా ఓర్లిక్.

కోడ్ సరిపోయింది. విక్టోరియా స్టేషన్ టీ రూమ్‌లో నాలుగు కావస్తోంది. బూడిదరంగు ఫర్ కోటు, ఎర్రటి పెదవులు. లోపలికొచ్చిన ప్రతి మగాడూ ఒకసారి ఆమె వైపు చూసి మరీ కూర్చుంటున్నాడు. శత్రుదేశపు ఎంబసీ లెక్కలో మాగ్దా వాళ్ళ గూఢచారి. పెల్లో పనిచేసే బ్రిటిష్ గూఢచారి విభాగం సెక్షన్ ఫోర్ లెక్కలో తమ మనిషి. మూడేళ్ళుగా ఆ కత్తి మీద సాము చేస్తూనే ఉంది.

"ఆదివారం, మీ స్కూల్లో, టెన్నాక్‌ని చంపేస్తారు," అంది టీలో చెంచా తిప్పుతూ.

"ఎవరు?"

"మీ పూర్వ విద్యార్థిలా వస్తాడు. మీ టై కట్టుకుంటాడు, మీ పాటలు పాడతాడు. వాడికి అన్నీ నేర్పింది మీవాడే, పెల్లో. మీ స్కూలువాడు, మీ ఆఫీసువాడు. పేరు నాకు నిన్ననే..."

ఒక్క గుక్క తాగింది. కప్పు సాసర్ మీద పడింది. ఆమె తల బల్ల మీదికి వాలిపోయింది. టీ తెచ్చిన వెయిటర్ కోసం పెల్లో తిరిగి చూసేసరికి కౌంటర్ మీద ఏప్రన్ మాత్రమే ఉంది.

పోలీసులొచ్చేలోగా జనంలో కలిసిపోవడం డ్యూటీ. పెల్లో కలిసిపోయాడు. పోయినేడు చలికాలంలో ఆమె అతనికి మఫ్లర్ అల్లి పంపింది. అది ఇప్పుడు అతని మెడ చుట్టూనే ఉంది.

* * *

సెక్షన్ ఫోర్ చీఫ్ కల్నల్ హెక్టర్ బేవిస్ పైపు వెలిగించడానికి మూడు అగ్గిపుల్లలు ఖర్చుపెట్టాడు.

"పాపం, మాగ్దా. మంచి పిల్ల. కూర్చోవయ్యా."

"ఆమె అక్కడికొస్తోందని వాళ్ళకెలా తెలిసింది, సర్? ఆ సంగతి మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు."

"వెంబడించి ఉంటారు. ఇప్పుడు ఏడ్చి లాభం లేదు. టెన్నాక్ సంగతి చూడు."

డాక్టర్ ఆంబ్రోస్ టెన్నాక్ కోడ్‌లు విప్పడంలో దేశంలోకెల్లా మొనగాడు. శత్రు ఎంబసీ పంపే వైర్‌లెస్ సందేశాలను ఆరునెలలు తవ్వి, సెక్షన్ ఫోర్‌లో ఒక ద్రోహి ఉన్నాడని తేల్చాడు. పేరు కూడా తేలింది. కానీ ఎవర్ని నమ్మాలో తెలియక కాగితం మీద పెట్టలేదు. సోమవారం పొద్దున పదింటికి ప్రధానమంత్రికే నేరుగా చెబుతానన్నాడు. అంటే ఆ పేరు ఈ భూమ్మీద ఒకే ఒక్క బట్టతలలో ఉంది.

"ఆదివారం ఇంట్లోంచి కదలొద్దని చెప్పండి సర్."

"చెప్పాను. వింటేగా! యుద్ధంలో పోయిన పిల్లల పేర్లు ఏటా తనే చదవాలట. నువ్వెళ్ళు. నేనూ వస్తాను. మనిద్దరం కూడా ఆ బడి పిల్లలమేగా," అన్నాడు కల్నల్.

* * *

1961 నవంబర్ పన్నెండు, యుద్ధంలో పోయినవాళ్ళని దేశమంతా తలుచుకునే ఆదివారం. థార్న్‌కోట్ స్కూలు మీద సన్నటి వాన.

ఆ స్కూలు హాల్లో ఓక్ చెక్క బోర్డు మీద ప్రముఖ పూర్వ విద్యార్థుల పేర్లు బంగారు అక్షరాల్లో ఉంటాయి. నలుగురు మంత్రులు, ఇద్దరు బిషప్పులు, ఒక అడ్మిరల్, గుర్రప్పందాల్లో ఆస్తి తగలేసిన ఒక డ్యూక్. టెన్నాక్ పేరుంది. యుద్ధంలో వచ్చిన మెడల్ పుణ్యమా అని బేవిస్ పేరూ ఉంది. స్కాలర్‌షిప్ మీద చదువుకున్న లారెన్స్ పెల్లో పేరు లేదు. అతనికా బెంగా లేదు.

పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి ఎడ్గార్ క్రాబ్ గొడుగు కింద నిటారుగా నిలబడ్డాడు.

"గేటు దగ్గర అందర్నీ తనిఖీ చేయాలి, మిస్టర్ క్రాబ్."

"మా పిల్లల్ని తడుముతావా?"

"మీ పిల్లల్లో సగంమందికి మనవలున్నారు."

"అయితే మరీ తప్పు. టై కట్టుకుని వచ్చినవాణ్ణి నీ పేరేంటని అడగడమే అవమానం. ఒకళ్ళ మొహం ఒకళ్ళకి తెలియాలంతే. నీకెవరూ నేర్పలేదా ఈ మాట?"

ఇంగ్లీషు వాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. బ్యాంకులో పది సంతకాలు అడుగుతారు. మెడకి సరైన రంగు టై ఉంటే మాత్రం ఇంట్లోకి రమ్మని షెర్రీ పోస్తారు.

ఇరవై ఏళ్ళు దాటి మొహం చూపించని అతిథులు ముగ్గురని పెల్లో అప్పటికే లిస్టు తీశాడు. ఇద్దర్ని క్లాస్‌మేట్లు వాటేసుకున్నారు. మిగిలినవాడు మేజర్ రోలండ్ హార్‌గ్రేవ్, మలయాలో రబ్బరు తోటల యజమాని. 1937లో క్రికెట్ కెప్టెన్, చిన్నపిల్లల మీద అజమాయిషీ చేసే ప్రిఫెక్ట్ అని రిజిస్టర్లో ఉంది. ఎండకి కాలిన చర్మం, నెరిసిన మీసం. పెల్లో షెర్రీ గ్లాసుతో పక్కకి చేరాడు.

"మీ రోజుల్లో లాటిన్ మాస్టారు ఎవరు, మేజర్?"

"ముసలి గుడ్లగూబ. ఇంకెవరు? నీ చెవీ మెలిపెట్టేవాడా? ఇదిగో చూడు, నా ఎడమ చెవి ఇప్పటికీ ఒక రవ్వ పొడుగు."

అంతలో కల్నల్ బేవిస్ వచ్చి హార్‌గ్రేవ్ వీపు మీద ఒక్కటిచ్చాడు. "ఒరేయ్ రోలీ! ఏంట్రా, ఇంత ముసలాడివైపోయావు?"

"నువ్వేదో పడుచువాడివైనట్టు!" అన్నాడు హార్‌గ్రేవ్.

చీఫే గుర్తుపట్టాక ఇంకేం అనుమానం? పెల్లో వేరే మొహాలు వెతుక్కుంటూ వెళ్ళాడు. గేటు దగ్గర వంటవాళ్ళ వేషంలో ఇద్దరు స్పెషల్ బ్రాంచ్ మనుషులున్నారు. వాళ్ళతో మాట్లాడ్డానికి కఫ్‌లింక్‌లో బుల్లి ట్రాన్స్‌మిటర్ ఉంది. పెల్లో దాన్ని నోటి దగ్గర పెట్టుకుని పిలిచాడు. పకోడీలు వేగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. వానలో పనిచేయని గాడ్జెట్‌ని ఇంగ్లండ్‌లో తయారుచేసిన మహానుభావుణ్ణి మనసులోనే నాలుగు తిట్టాడు.

చర్చి వసారాలో టెన్నాక్ కళ్ళజోడు తుడుచుకుంటూ కనబడ్డాడు.

"ఏరా బుడ్డోడా, నాకు కాపలా కాస్తున్నావట?"

"ఇంటికెళ్ళిపోండి డాక్టర్. బతిమాలుతున్నాను. నిన్నగాక మొన్న నా కళ్ళముందే ఒక మనిషి పోయింది."

"ఆ రాతి శిలువ మీద మా తమ్ముడి పేరుందిరా. మార్క్ టెన్నాక్. అమ్మానాన్నా పోయారు. వాడి పేరు నోరారా పలికేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. అదీ ఏడాదికోసారి. ఎలా మానను?"

పదమూడో ఏట పెద్ద క్లాసు పిల్లలు పెల్లోని బూట్ల గదిలో పెట్టి తాళం వేస్తే, తలుపు తీసింది ఈ టెన్నాకే. అప్పుడాయన హెడ్ బాయ్. తిట్టలేదు, ఓదార్చలేదు. పక్కన చతికిలబడి తన జామ్ రొట్టెలో సగం తుంచి ఇచ్చాడు. ఈయన చచ్చిపోతే నేను తట్టుకోలేను, అనుకున్నాడు పెల్లో.

* * *

పదకొండుకి ఐదు నిమిషాలు. ప్రార్థన అయింది. అందరూ శిలువ దగ్గరికి బయల్దేరారు.

చర్చికీ శిలువకీ మధ్య నలుచదరంగా పచ్చగడ్డి ఉంది. మూడొందల ఏళ్ళుగా అక్కడ ఒకటే చట్టం. గడ్డి మీద నడిచే హక్కు ప్రిఫెక్టులకే. మిగతావాళ్ళు చుట్టూ ఉన్న కంకర బాట మీద పోవాలి. బడి వదిలాక కూడా ఆ చట్టం వదలదు. పదిహేడో ఏట ఆ హక్కు సంపాదించినవాడు డెబ్బయ్యో ఏట కీళ్ళనొప్పులతో వచ్చినా, తుఫానైనా, బూట్లు తడిసినా గడ్డి మీదే నడుస్తాడు. మంత్రి అయినవాడు మంత్రిపదవి వదులుకుంటాడేమో గానీ అది వదులుకోడు.

టెన్నాక్ గడ్డి మీద అడ్డంగా నడిచిపోయాడు. ఆయన వెనక అడ్మిరల్ చేతికర్ర దిగబడుతుంటే పీక్కుంటూ పోయాడు. పెల్లో, బేవిస్ కంకర మీద నడుస్తున్నారు. ఇద్దరూ ఎప్పుడూ ప్రిఫెక్టులు కారు.

వాళ్ళకన్నా ముప్ఫై గజాల ముందు, అదే కంకర మీద, మేజర్ హార్‌గ్రేవ్ చకచకా పోతున్నాడు.

పోతే పోయాడు, వానకదా, అనుకున్నాడు పెల్లో. రెండడుగులు వేశాక టక్కున ఆగాడు. హార్‌గ్రేవ్ ప్రిఫెక్ట్! క్రికెట్ కెప్టెన్! ఇరవైనాలుగేళ్ళ తర్వాత మొదటిసారి బడికొచ్చినవాడు గడ్డి తొక్కకుండా చుట్టూ పోతాడా?

శిలువ దగ్గర హార్‌గ్రేవ్ టెన్నాక్‌ని సమీపించాడు. ఆ రోజు గుర్తుగా అందరూ పెట్టుకునే ఎర్రకాగితపు పాపీ పువ్వుని తన కోటు నుంచి తీశాడు. ఆ పువ్వుకున్న పిన్ను మామూలు పిన్ను కాదు, వేలెడు పొడుగుంది.

"మీ పువ్వు వానకి ఊడిపోయింది డాక్టర్. నాది పెట్టనివ్వండి."

"అయ్యో, మీకెందుకు శ్రమ?" టెన్నాక్ మర్యాదగా ఛాతీ ముందుకి వంచాడు.

కంకర మీద చుట్టూ పరిగెడితే అందదు. పెల్లో గడ్డి వైపు తిరిగాడు. నమ్మండి నమ్మకపోండి, అంచు దగ్గర అతని కాలు ఆగింది. ఊళ్ళు కూల్చి వచ్చిన ఏజెంట్, పదమూడేళ్ళ పిల్లాడిలా ఒక్క క్షణం భయపడ్డాడు. తర్వాత దూకాడు.

"ఎవడ్రా అది గడ్డి మీద?" క్రాబ్ కేక.

"వాడు ప్రిఫెక్ట్ కాదు!" ఇంకెవరిదో గొంతు. 

"దిగరా, దిగు!"

పిన్ను టెన్నాక్ గుండెకి రెండంగుళాల దూరంలో ఉండగా పెల్లో హార్‌గ్రేవ్ మణికట్టు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే గడియారం పదకొండు కొట్టింది.

రెండు నిమిషాల మౌనం మొదలైంది.

మూడొందల మంది తలలు వంచి రాళ్ళలా నిలబడిపోయారు. మౌనంలో కదలడం ఆ దేశంలో పాపం. పెల్లోకి సాయం రావడానికి ఒక్కడూ కదల్లేదు. నోరు తెరిచి అరుద్దామన్నా, గొంతు పెగలని పెంపకం. ఇద్దరు మగాళ్ళు ఒకరి చెయ్యొకరు పట్టుకుని, చప్పుడు లేకుండా, ప్రాణాలకోసం తోసుకుంటున్నారు. వానచినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

వాడికి బలం ఎక్కువ. పిన్ను ఒక అంగుళం జరిగింది. పెల్లోకి మాగ్దా తల బల్ల మీద వాలడం గుర్తొచ్చింది. పళ్ళు బిగించి మణికట్టుని మెలిపెట్టాడు. పిన్ను వెనక్కి తిరిగి వాడి అరచేతిలోనే దిగింది. వాడు పెల్లో కళ్ళలోకి చూశాడు. ఎక్కడ తప్పు చేశానని అడుగుతున్నట్టుంది ఆ చూపు. తర్వాత పిన్నుకున్న విషం పనిచేసి మోకాళ్ళు వదిలేశాయి. పెల్లో వాణ్ణి శిలువ గద్దెకి ఆనించి కూర్చోబెట్టాడు. ప్రతి ఏడూ మౌనంలో ఒకరిద్దరు కళ్ళు తిరిగి పడటం మామూలే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఇంకా ఒక నిమిషం ఉంది. ఆ నిమిషంలో పెల్లోకి అంతా తెలిసిపోయింది. వీడు దొంగ హార్‌గ్రేవ్. అలాంటప్పుడు 'ఒరేయ్ రోలీ' అని వీపు మీద చరిచిందెవరు? మాగ్దా విక్టోరియాకి వస్తోందని తెలిసిందెవరికి? తలెత్తి చూశాడు. కంకర బాట మీద కల్నల్ బేవిస్ టోపీ చేత్తో పట్టుకుని, తల వంచి నిలబడి ఉన్నాడు. దేశాన్ని అమ్మేసినవాడు కూడా ఆ రెండు నిమిషాలూ కదల్లేదు.

బ్యూగిల్ మోగింది. బేవిస్ టోపీ పెట్టుకుని గేటు వైపు నడక సాగించాడు. గేటు దగ్గరున్న ఇద్దరికీ ఏమీ తెలీదు, వాళ్ళకి అతను పెద్ద ఆఫీసరు. సెల్యూట్ కొట్టి మరీ పంపిస్తారు. ట్రాన్స్‌మిటర్ ఇంకా పకోడీలు వేయిస్తూనే ఉంది.

గేటు ఎదుటి మూలన ఉంది. బేవిస్ పరుగులాంటి నడకతో కంకర బాట పట్టుకుని ఒక పక్క దాటాడు, మలుపు తిరిగాడు, రెండో పక్క అందుకున్నాడు. ప్రాణం మీదికొచ్చినా గడ్డి మీద కాలు పెట్టలేదు. పెల్లో అడ్డంగా గడ్డి తొక్కుకుంటూ వెళ్ళి అతనికన్నా ముందు గేటు దగ్గర నిలబడ్డాడు.

"చేతులు పైకెత్తండి సర్."

వంటవాళ్ళిద్దరూ తెల్లబోయి చూశారు. పెల్లో పిస్టల్ చూశాక బేవిస్ చేతులు పట్టుకున్నారు.

"ఎలా కనిపెట్టావయ్యా?" అన్నాడు బేవిస్. 

"అతను గడ్డి తొక్కలేదు సర్. ప్రిఫెక్టులకి హక్కుందని వాడికి చెప్పలేదా మీరు?"

బేవిస్ గడ్డి వైపు చూశాడు.

"నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా పక్కనుంచి చూస్తూనే ఉన్నానుగా. కానీ వాడికి నేర్పేటప్పుడు నా నోటికి అది రాలేదయ్యా. 'గడ్డి తొక్కకు' అనే వచ్చింది."

"మాగ్దా మంచి పిల్ల అన్నారు. ఆ నోటితోనే."



అవతల శిలువ దగ్గర టెన్నాక్ గొంతు వణుకుతూ పేర్లు చదువుతోంది. "మార్క్ టెన్నాక్" అన్న మాట వాన దాటుకుని గేటు దాకా వినబడింది. పెల్లో మఫ్లర్ కొసతో కళ్ళు తుడుచుకున్నాడు.

కాసేపటికి క్రాబ్ రొప్పుతూ కంకర బాట చుట్టూ తిరిగి వచ్చాడు.

"పెల్లో! రెండుసార్లు తొక్కావు, నేను లెక్కపెట్టాను. నువ్వు ప్రిఫెక్ట్‌వా?"

"కాదు, మిస్టర్ క్రాబ్."

క్రాబ్ పెన్సిల్ తీశాడు. ఆ రోజు నియమభంగం కింద స్కూలు పుస్తకంలోకి ఎక్కింది ఒక్క పేరే. కల్నల్ బేవిస్ నడవడిక మీద థార్న్‌కోట్‌కి ఈ రోజుకీ ఎలాంటి ఫిర్యాదూ లేదు.