పొంగణాల పెనంలో టాపెట్లు

ఆ తేదీ నాకు బాగా గుర్తు. రెండు వేల ఇరవై నాలుగు మార్చి పది, ఆదివారం. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. మా మేడ మీద అద్దెకుండే వీరభద్ర చేతిలో బజ్జీ ఉండగానే మా పాత అంబాసిడర్ బానెట్ ఎత్తాడు. అతను పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ లెక్చరర్.

వచ్చే ఆదివారం కడపలో మా అమ్మాయి శివజ్యోతికి పెళ్లిచూపులు. సంబంధం తెచ్చింది మా అక్క ఉరుకుందమ్మ. "బస్సు దిగి చెమటలు కార్చుకుంటా వస్తే ఏం మర్యాదప్పా? కారులోనే రావల్ల," అని ఫోన్లో ఆజ్ఞ. కారేమో ఎక్కడైనా నిలిపితే చాలు, వణికి వణికి ఆగిపోతోంది.

"ఇంటేక్ గ్యాస్కెట్ పోయింది సార్. సందుల్లోంచి గాలి లాగుతాండాది. సాయంత్రానికి మార్చేస్తా," అన్నాడు వీరభద్ర.

గడపలో నిలబడిన జ్యోతి మూతి తిప్పింది. "అబ్బో, సాయంత్రానికే! మమ్మల్ని కడపకు తోలేదానికి శానా ఆత్రంగా ఉండారే!"

అతని చేతిలోని స్పానర్ జారి కాలి మీద పడింది. అరవలేదు. ప్రేమలో ఉన్నవాళ్లకు దెబ్బ కూడా ఆలస్యంగా తెలుస్తుందేమో.

మధ్యాహ్నానికి ఇంజన్‌కు గాలి పంపే మానిఫోల్డ్ ఊడింది. దాని వెనకున్న మూతలు కూడా విప్పాడు. ఎందుకని నేను అడగలేదు. అతనే చెప్పాడు.

"ఎట్లాగూ ఇంతదాకా తెరిచినాం గదా సార్. ఇవి టాపెట్లు, వాల్వులను ఎత్తేవి. కొన్ని అరిగినట్లుండాయి. కొత్తవి హైదరాబాద్ నుంచి రావాల."

"ఆదివారం లోపల వస్తాయా?"

"రావొచ్చు సార్."

ఆ మాటను అంత దిగులుగా పలికినవాణ్ణి నేను చూడలేదు.

తీసినవి పెట్టుకోవడానికి గుంటలున్నది ఏదైనా కావాలన్నాడు. జ్యోతి లోపలికెళ్లి పొంగణాల పెనం తెచ్చింది. నా భార్య పోయాక ఆ పెనాన్ని జ్యోతి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, నన్ను కూడా. దాన్ని ఆయిలు కారే ఇనప ముక్కలకు ఇస్తుంటే నాకు కొంత అర్థమైంది. మిగతాది అర్థం కానట్టు పేపరు అడ్డం పెట్టుకున్నాను.

"ఏది యాడిదో ఆడనే ఉండాలండీ," అని అతను ఒక్కొక్కటీ వరసగా గుంటల్లో పెట్టాడు. "ప్రతిదీ దాని చోట్లోనే అరిగి, ఆ చోటికే అలవాటు పడింటాది. కలిసిపోతే మళ్లీ వాడకూడదు."

"కలిస్తే?"

"అన్నీ కొత్తవి తెప్పించాల్సిందే. అంతవరకు బండి కదలదు."

"కదలదా?" అంది జ్యోతి. అంత శ్రద్ధగా పాఠం విన్న విద్యార్థి అతనికి కాలేజీలో దొరికి ఉండదు.

శనివారం సాయంత్రం అతను బస్టాండు నుంచి పార్సిల్ పట్టుకుని, ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ఏం ఖర్మో, హైదరాబాద్ వాళ్లు మాట నిలబెట్టుకున్నారు.

నేను కిటికీకి ఇవతల పేపరు పట్టుకుని కూర్చునుంటే, జ్యోతి వరండాలో అతనికి వేడి వేడి పొంగణాలు పెట్టింది. ఒకటి నోటిదాకా తెచ్చి ఆగాడు.

"ఇవి ఆ పెనంలో చేసినవేనా? మరి టాపెట్లు?"

"బక్కెట్లో వేసినా."

"వరసగానా?"

"బక్కెట్లో వరస యాడుంటాది?"

"అయ్యో, కలిసిపోయింటాయే! కొత్తవి తెప్పించింది రెండే. చెప్పినా గదండీ, కలిస్తే బండి కదలదని!"

"చెప్పినారు గాబట్టే కలిపినా."

కథల్లో అయితే ఇక్కడ వాన కురవాలి. నందికొట్కూరులో మార్చి నెలలో కురిసేది దుమ్మే. అది ఇద్దరి మీదా సమానంగా కురిసింది.

"జ్యోతీ, అవి అరగనే లేదు," అన్నాడు వీరభద్ర, గొంతు తగ్గించి. "నువ్వు పోకూడదని నేనే అబద్ధం చెప్పినా. గ్యాస్కెట్ ఒక్కటే అయితే ఆ పొద్దే అయిపోయేది."

"వారమంతా నన్ను ఏడిపించి, ఇప్పుడా చెప్పేది? తిను, చల్లారిపోతాది."

ఇద్దరూ బస్సుల సంగతి మరిచిపోయారు. మా అక్క మరవలేదు. ఫోన్ మోగింది.

"కారు కాలేదక్కా," అన్నాను.

"కాకుంటే పోనీ. తెల్లారి బస్సెక్కండి. వాళ్లకు మాటిచ్చినా!"

అక్క గొంతు ఫోన్లోంచి వరండా దాకా వినిపించింది. అక్కడ నమలడం ఆగింది. జ్యోతి కళ్లు నిండాయి. నేను వీరభద్రను చూశాను. అతను లేచి నిలబడి, ఎంగిలి చేతులతోనే దండం పెట్టాడు.

"బస్సెక్కేది లేదక్కా. వాళ్లకు నేనే ఫోన్ చేసి తప్పయిందని చెప్తా. మన పిల్లకు పిల్లోడు దొరికినాడు."

"యాడ?"

"మన కారు కింద."

అక్క చాలాసేపు తిట్టింది. చివర్లో మాత్రం, "వానికి కూలర్ బాగుచేసేది వస్తాదా? నాది తిరగడం ల్యా," అని అడిగింది. మా ఇంట్లో పెద్దల ఆశీర్వాదం ఇట్లాగే వస్తుంది.

"మీ అమ్మానాయన్ను ఒకసారి రమ్మనప్పా," అని వీరభద్రతో చెప్పి, పెందలాడే మంచమెక్కాను. వరండాలోంచి గుసగుసలు, మధ్యమధ్య నవ్వు. తర్వాత మేడ మెట్ల మీద పైకెళ్లే అతని అడుగులు. జ్యోతి లోపలికొచ్చి, నేను నిద్రపోయాననుకుని, చప్పుడు కాకుండా తలుపు మూసి గడియ పెట్టింది.