ఎలుగుబంటి వీపు

మా స్టూడియో వెనకవైపున్న ప్రివ్యూ హాలుకి మంచి పేరు లేదు. పట్టుమని పాతిక కుర్చీలు కూడా ఉండవు. ఖాళీగా ఉన్నప్పుడు లోపల ఎవరో ఆయాసపడుతున్నట్టు వినిపిస్తుందని, ఊడ్చేవాళ్ళు జంటగా తప్ప అడుగు పెట్టరు. సినిమావాళ్ళ మాటలు నేను సగానికి సగం కొట్టేసి వింటాను. కానీ ఇది చెప్పింది మా పిన్ని. కొలతలోనే కాదు, మాటలో కూడా అర అంగుళం పెంచే మనిషి కాదు.

పిన్ని అక్కడ వేషాలకి బట్టలు కుట్టేది. బాబాయి జంతువుల వేషాలు వేసేవాడు. ఆయన ఆఖరి సినిమా మనుషుల్ని చంపే ఎలుగుబంటి కథ. ఎంత చవకగా తీశారంటే, అడవి అంటే నాలుగు పూలకుండీలు, ఒక పొగ మిషను. ఎలుగుబంటి కన్నా హీరో ఏడుపే జనాన్ని ఎక్కువ భయపెట్టింది.

కెమెరాకి కనబడుతుందని ఆ ఎలుగు వేషం తోలుకి జిప్పు పెట్టలేదు. రోజూ పొద్దున్నే బాబాయిని లోపల పెట్టి, వీపు మీద పిన్నే కుట్టేసేది. సాయంత్రం ఆయన వచ్చి, ఆమె వైపు వీపు తిప్పి కూలబడితే కత్తెరతో విప్పేది. పెళ్ళానికి చిక్కడమంటే ఇదేరా అని అందరితో అని నవ్వేవాడట.

ఒకరోజు పిన్ని దారాల కోసం బజారుకి వెళ్ళినప్పుడు, షాట్ మధ్యలో ఆయన కుప్పకూలాడు. నటన అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు... ఆస్పత్రిలో తోలుని ముందునించి కోసి తీశారు గానీ, అప్పటికే ఆయన లేడు. వీపు కుట్లు అలాగే ఉండిపోయాయి.

సినిమా విడుదలైనప్పుడు పిన్ని సగంలోనే లేచి వచ్చేసింది. కొన్నేళ్ళకి ఆమెకి ఒక బెంగ పట్టుకుంది. బాబాయి ఎలా నడిచేవాడో గుర్తు రావడం లేదు. ఫోటోల్లో మనిషి నడవడు కదా. ఆయన నడక మిగిలింది ఆ ఎలుగుబంటిలోనే.

ఆ సినిమా వెయ్యమని ప్రొజెక్టరు ఆపరేటర్ని బతిమాలి, ఒక సాయంత్రం చీకటి పడ్డాక ఆ హాల్లో ఒక్కతే కూచుంది.

తెర మీద ఎలుగు వచ్చింది. కుడికాలు కాస్త విసిరినట్టు వేస్తూ, భుజాలు ఊపుకుంటూ... పిన్ని నవ్వేసింది. ఏడ్చేసింది కూడా. ఎలుగు ఎవర్నో చంపుతుంటే, చూపు తిప్పకుండా దాని కాళ్ళే చూసింది.

చివరికి ఎలుగు పొగలోకి వెళ్ళిపోయింది. తెర నల్లబడింది. రీలు మారుస్తున్నాడు కాబోలనుకుంది.

మళ్ళీ వెలుగొచ్చింది.

కాలుతున్న గుడిసె. దాని ముందు ఎలుగు. ఈసారి గర్జన లేదు, సంగీతం లేదు — ఆయాసం మాత్రమే. కుడికాలు విసురుతూ దగ్గరికొస్తోంది... ఇంకా దగ్గరికి... తెరంతా బొచ్చే.

అప్పుడది మెల్లగా వెనక్కి తిరిగి, కూలబడింది.

వీపు నిండా కుట్లు. ఆమె కుట్టినవే.

"విప్పవే..." అని వినబడింది. తెర దగ్గరనించి కాదు — పక్క కుర్చీలోంచి.

పిన్ని పక్కకి చూడలేదు. కుర్చీలు తన్నుకుంటూ తలుపు దాకా పరిగెత్తింది. ఎదురుగా ఆపరేటరు, చేతిలో టీ గ్లాసుతో.

"ఇంకా లోపలే ఉన్నారా అక్కా? సినిమా ఎప్పుడో అయిపోయింది. కాసేపు ఏడుస్తారేమోనని, మిషను ఆపేసి టీకి వెళ్ళాను."

"మరి... ఆ గుడిసె కాలడం?"

"ఏ గుడిసె? ఎలుగు పొగలోకి పోవడమే చివర. బావగారు పోయాక ఇంక ఏమీ తియ్యలేదుగా."

పిన్ని నాకు చెప్పింది ఇంతే. నాకూ భయమేసింది. అయినా ధైర్యం చెప్పాలి కదా — కునుకు పట్టి కల వచ్చి ఉంటుంది, ఇక ఆ హాలు వైపు వెళ్ళకు, ఏదైతేనేం క్షేమంగా బయటపడ్డావు అన్నాను.

పిన్ని తల అడ్డంగా ఊపింది.

"నేనైతే బయటపడ్డాను," అంది గొంతు తగ్గించి. "ఆయన్ని విప్పకుండా వచ్చేశాను."