ఇంటికింకెంత దూరం

రండి రండి, జర దగ్గరికి జరగండి. గడప కాడ కూర్చున్నవాళ్లు గూడ చాప మీదికి రండి, జాగా చాలా ఉంది. ఇయ్యాల లెక్కలు లేవు, ఎక్కాలు లేవు. కథే. కానీ ముందు ఒక ప్రశ్న. ఎవరింటికన్నా పోయి, తిరిగి బయల్దేరేటప్పుడు ఏమంటాం?

"పోయొస్తం సార్!"

బాగుంది. మరి ఆ మాట అనకూడని ఇల్లు ఏది?

అదిగో, భాగ్యశ్రీ చెప్పింది. చావైన ఇల్లు. దినాలు అయ్యేదాకా ఆ ఇంటికి పోయినవాళ్లు వెళ్లేటప్పుడు ఏమీ అనరు. లేచి, చెప్పులేసుకొని, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. మళ్లీ అలాంటి పని మీద ఆ గడప తొక్కొద్దని. ఈ సంగతి మీకెంత తెలుసో, కోస్గిలో పిండిగిర్ని నడిపే పరశురాములుకూ అంతే తెలుసు. తెలిసీ నోరు జారాడు.

పోయినేటి సంగతి ఇది. భార్య మమతను, డిగ్రీ అయిన బిడ్డ హరితను బండి మీద ఎక్కించుకొని వానలో తడుస్తూ తిరిగీ తిరిగీ, పరశురాములుకు కారు మీద మనసు పుట్టింది. కొల్లాపూర్ అవతల, కృష్ణ ఒడ్డున ఒక ఊళ్లో తెల్లకారు అమ్మకానికి ఉందని ఎవరో చెబితే పోయాడు. కారు నిగనిగలాడుతోంది. కానీ ఇంటి ముందు ఎవరూ ముగ్గు వేయలేదు. లోపల గోడవారగా నూనె దీపం వెలుగుతోంది. కారు నడిపిన రఘుపతి పోయి అప్పటికి తొమ్మిది దినాలు.

"కార్లనే పోయిండన్నా" అంది అతని భార్య నిర్మలమ్మ, తాళాలు చేతిలో పెడుతూ. "కిరాయికి పోయి వస్తుండె. ఇంటికి ఇంక రెండు కిలోమీటర్లుందనంగ, పక్కకు ఆపుకొని స్టీరింగు మీద తల పెట్టిండట. మల్ల లేపలే. అది కండ్ల ముందట ఉంటే నాకు అన్నం బుక్క దిగుతలేదు. తీస్కపోండి."

ముందు అద్దానికి అరచేతంత డబ్బా ఒకటి అంటించి ఉంది. తొవ్వ చెప్పే మిషన్. పోవాల్సిన ఊరు నొక్కితే, ఎక్కడ మలుపు తిరగాలో హిందీలో ఒక ఆడగొంతు చెబుతుంది.

"గా డబ్బ గూడ మీకే. నాకొద్దు" అంది నిర్మలమ్మ.

అరుగు మీద రఘుపతి తల్లి కూర్చుంది. చేతికర్ర ఒళ్లో పెట్టుకొని, అతను వచ్చినప్పటి నుంచి నేలకేసే చూస్తోంది. పరశురాములు కారెక్కాడు. తాళం తిప్పాడు. కొత్త కారు సంబురంలో ఒళ్లు మరిచి, అద్దం దించి, ఎప్పటి అలవాటు ప్రకారం అనేశాడు.

"పోయొస్తనమ్మా!"

నిర్మలమ్మ ముఖం పాలిపోయింది. ముసలామె మాత్రం తలెత్తింది.

"ఎప్పుడస్తవు బిడ్డా?"

"గట్ల అడగకత్తా..." అని కోడలు ఆమె భుజం పట్టుకుంది. కొడుకు బయటికి పోయినప్పుడల్లా ఆ తల్లి అడిగే మాటట అది. పరశురాములు నాలుక కరుచుకున్నాడు. ఊకుంటే సరిపోయేది. ముసలిపానం నొచ్చుకుంటుందేమోనని ఇంకో మాట అన్నాడు.

"తొందర్లనే వస్తనవ్వా."

ఇంటికి తెచ్చి కొబ్బరికాయ కొట్టారు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి నలిపారు. హరితకు డబ్బాతోనే ఆట. దాని ఆడగొంతుకు 'హిందీ పిన్ని' అని పేరు పెట్టింది. తెర మీద మూలకు చిన్న ఇంటి బొమ్మ ఉంది. నొక్కితే నూట నలభై ఒకటి కిలోమీటర్లని చూపించింది.

"గా బొమ్మ ఆయన ఇల్లు బిడ్డా. తుడిచెయ్యి."

"ఎన్నిసార్లు తుడిచినా మల్ల వస్తాంది నాయినా. హిందీ పిన్నికి మొండి ఎక్కువ."

నవ్వుకున్నారు.

నెల గడిచింది. చలికాలం వచ్చింది. హరితకు సర్కారు కొలువు పరీక్ష పడింది, జడ్చర్లలో సెంటరు. తొమ్మిదిన్నరకు గేటు మూస్తారు. నిమిషం ఆలస్యమైనా లోపలికి పోనివ్వరు. రెండేళ్లు చదివిన చదువు ఆ గేటు మీద ఆధారపడి ఉంది. ఈసారి తప్పితే మళ్లీ ఆ పరీక్ష ఎప్పుడో తెలియదు. మమత జొన్నరొట్టెలు మూట కట్టి, హాల్‌టికెట్టు మూడుసార్లు చూసి, ఆరు గంటలకల్లా ఇద్దరినీ సాగనంపింది.

ఊరు దాటగానే మంచు కమ్ముకుంది. మామూలు మంచు కాదు. తడి దుప్పటి కారు మీద కప్పినట్టు. కందిచేలు కనబడవు, వాసన మాత్రం వస్తుంది. పచ్చి వాసన. లైట్ల వెలుగు పది అడుగులు పోయి అక్కడే ఆగిపోతోంది. ఎదురుగా బండి లేదు. వెనక బండి లేదు. టైర్ల కింద రోడ్డు చప్పుడు, డబ్బా గొంతు, అంతే.

"సీదే చలియే" అంటోంది పిన్ని. నేరుగా పొమ్మని.

"హైవే గిట్ల ఎక్కినమా నాయినా?"

"ఎక్కుతం తియ్యి. ఫికర్ చెయ్యకు. నువ్వు చదివింది మతికి తెచ్చుకో."

గంటసేపు నేరుగానే పోయారు. ఎడమకు లేదు, కుడికి లేదు. పరశురాములుకు అప్పుడు తట్టింది. కోస్గి నుంచి జడ్చర్లకు ఒక్క మలుపు కూడా లేకుండా ఎట్లా పోతాం?

కారులో ఏదో వాసన. నువ్వులనూనె దీపం వాసన. కారు కొన్న రోజున ఆ ఇంట్లో వచ్చిన వాసనే. హరిత ముక్కు రుద్దుకుంది.

తర్వాత ముందుకు వంగి తెరను చూసింది.

"నాయినా..."

"ఏమైంది?"

"నేను జడ్చర్ల నొక్కిన. ఒట్టు. గీడ ఇంటి బొమ్మ ఉన్నది."

పన్నెండు కిలోమీటర్లు.

నూట నలభై ఒకటి ఉండాల్సింది, గంట ప్రయాణానికి పన్నెండుకు వచ్చింది. పరశురాములు బ్రేకు తొక్కాడు. ఇరుకు రోడ్డు మీద ముందుకూ వెనక్కూ జరిపి కారును తిప్పాడు. వచ్చిన తొవ్వనే పట్టాడు.

పదకొండు.

"వెనక్కి పోతే పెరగాలె గద?" అంది హరిత.

పది. తొమ్మిది.

బండ్లబాట ఒకటి కనబడితే అటు తిప్పాడు. ఎనిమిది. మళ్లీ వెనక్కి తిప్పాడు. ఏడు. ఎటు పోయినా అంకె తగ్గుతోంది. ఫోను తీస్తే సిగ్నల్ లేదు. డబ్బాను అద్దం మీంచి పీకి, వైరు ఊడగొట్టి, వెనక సీటులో పడేశాడు. ఆ మసకలో అక్కడి నుంచే పలికింది.

"సీదే చలియే."

కారు ఆపేశాడు. కదలకపోతే ఏం చేస్తుంది, అనుకున్నాడు. ఇంజను ఆగింది. చుట్టూ చప్పుడు లేదు. కూత లేదు, కుక్క లేదు. మంచు అద్దాలకు ఆనుకొని ఉంది, లోపలికి చూస్తున్నట్టు.

హరిత మెల్లగా వెనక్కి తిరిగి చూసింది.

"నాలుగు."

"కారు ఆగి ఉన్నది గద..."

"మూడు... నాయినా, రెండు."

రెండు దగ్గర అంకె ఆగింది. చాలాసేపు ఆగింది. రఘుపతి తల వాల్చింది ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలోనే అని ఇద్దరికీ గుర్తుంది.

తర్వాత ఒక్కసారే సున్న.

"ఆప్ ఘర్ పహుంచ్ గయే హై."

ఇల్లు చేరారట.

మంచు ఎవరో చేత్తో పక్కకు తీసినట్టు తొలిగింది. ముందర అలికిన వాకిలి. ముగ్గు లేదు. అరుగు. గోడవారగా దీపం. అరుగు మీద ఎవరూ లేరు.

తలుపు లాగాడు. రాలేదు. హరిత అటు తలుపు గుంజింది. రాలేదు. అద్దం దిగలేదు. తాళం తిప్పితే కారు కిక్కురుమనలేదు.

టక్.

వెనక నుంచి.

టక్... టక్...

చేతికర్ర చప్పుడు. కారు చుట్టూ తిరిగి వస్తోంది. డిక్కీ పక్కన. వెనక అద్దం పక్కన. పరశురాములు వైపు వచ్చి ఆగింది. ముడతల చెయ్యి ఒకటి అద్దాన్ని నిమిరింది, బిడ్డ చెంప నిమిరినట్టు.

"వచ్చినవా బిడ్డా. దిగు. అన్నం సల్లారిపోతాంది."

అతని పక్క తలుపు తాళం తనంతట తనే 'కటక్' మని ఊడింది. అతని ఒక్కడిదే.

"దిగకు నాయినా" అని హరిత చొక్కా పట్టుకుంది.

"దిగకుంటే మనల్ని ఇడిసేటట్టు లేదు బిడ్డా. నీ పరీక్ష..."

"పరీక్ష గంగల పోనీ!"

గుసగుసగానే అరిచింది. పిల్ల చురుకైనది. కాసేపు కళ్లు మూసుకొని ఆలోచించింది.

"నువ్వు ఆ దినం ఏమన్నవు? సక్కగ చెప్పు."

"పోయొస్తనన్న. తొందర్లనే వస్తనన్న."

"లోపలికొస్త, తింట, ఉంట అన్నవా?"

"అనలే."

"అయితే ఒక్క కాలు కింద పెట్టు. వచ్చినట్టే. మాట తీరినట్టే. మల్ల ఏం అడిగినా నోరిప్పకు. చావింట్ల నుంచి ఎట్ల వస్తరో గట్లనే రా."

పరశురాములు తలుపు తెరిచాడు. కుడికాలు కింద పెట్టాడు. నేల చల్లగా, మెత్తగా ఉంది. అప్పుడే అలికినట్టు పాదం లోపలికి దిగుతోంది... ఇంకా దిగుతోంది. గుంజాడు. కాలు వచ్చింది. చెప్పు రాలేదు. తలుపు వేసుకున్నాడు.

"పోతున్నవా?"

పలకలేదు.

"మల్ల ఎప్పుడస్తవు బిడ్డా?"

పెదాలు పళ్ల కింద నొక్కుకున్నాడు. రక్తం ఉప్పగా తగిలింది. కర్ర చప్పుడు ముందు నుంచి తిరిగి హరిత వైపు వచ్చింది. అద్దానికి అవతల ముఖం కనబడలేదు, ఊపిరి ఆవిరి మాత్రం గుండ్రంగా పడింది. లోపలి వైపు.

"నువ్వన్న చెప్పు తల్లీ. ఎప్పుడస్తరు?"

హరిత రెండు చేతులతో నోరు మూసుకుంది.

అద్దం మీది ఆవిరి మెల్లగా ఆరిపోయింది. తర్వాత ఆ గొంతు, కోపం లేకుండా, ఇరుగింటి మనిషి అన్నంత తేలిగ్గా అంది:

"సరే తియ్యి. మీరు రాకుంటే నేనే వస్త."

కారు తనంతట తనే స్టార్టయింది.

మంచు విడిపోయేసరికి లారీల హారన్లు. జడ్చర్ల చౌరస్తా. ఫోన్లో టైం తొమ్మిది ఇరవై ఎనిమిది. హరిత గేటు దాకా ఉరికింది. మూస్తున్న తలుపు సందులోంచి లోపల పడింది. పరీక్ష రాసింది. కొలువూ వచ్చింది. అది నాకు సంతోషం, మన బళ్లో చదివిన పిల్ల.

ఆ రోజే గేటు బయట ఒంటి చెప్పుతో నిలబడి పరశురాములు నిర్మలమ్మకు ఫోను చేశాడు. అత్త ఎట్లున్నదని అడిగాడు.

"మా అత్తనా? మీరు కారు తీస్కపోయిన మూడోనాడే పోయిందన్నా" అంది ఆమె. తనే మళ్లీ అడిగింది: "అన్నా, పొద్దుగాల వాకిలి ఊడ్వంగ మన్నుల ఒక మగచెప్పు దొరికింది. కుడికాలుది. మీది గాదు గద?"

కారు ఇంటికి చేరింది. పరశురాములు దాన్ని మళ్లీ తీయలేదు. నాలుగు టైర్లూ గాలి దిగి గిర్ని వెనక పడి ఉంది. డబ్బాను బీరువాలో పెట్టాడు. వైరు లేదు, చార్జింగు లేదు. అయినా తెర ఆరలేదు. మొదటి రోజు నూట నలభై ఒకటి. రెండో రోజు నూట ముప్పై తొమ్మిది. రోజుకు ఒకటో రెండో, ముసలి మనిషి కర్ర పట్టుకొని నడిచినంత. కారు కదలలేదు. డబ్బా కదలలేదు. ఇల్లే కదులుతోంది.

ఇరవై దగ్గరికి వచ్చాక అతను తట్టుకోలేకపోయాడు. "సార్, మీరు చదువుకున్నోళ్లు, మిషన్ల సంగతి మీకెరుక. ఇంట్ల ఆడపిల్ల ఉన్నది" అని తెచ్చి నా చేతిలో పెట్టాడు. కాదనలేకపోయాను. అప్పటి నుంచి ఆ అంకె ఇక్కడికి ఎంత దూరమో లెక్క. అదిగో, ఆ మూలనున్న బీరువాలోనే ఉంది. భయపడకండి, తాళం వేసే ఉంది.

పొద్దున బడిగంట కొట్టేటప్పుడు చూశాను. రెండు ఉంది. మధ్యాహ్నమూ రెండే. ఇందాక మీరు వస్తుండగా, చాప వేస్తూ చూశాను. రెండు లేదు.

సరే, చాలు. లేవండి. పొద్దుగూకింది, ఇండ్లల్ల అమ్మలు అన్నం వండి ఎదురుచూస్తుంటారు. పోయి వేడి వేడిగా తినండి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని పోండి.

భాగ్యశ్రీ, ఆగు. గడప కాడ వెనక్కి తిరగకు బిడ్డా. ఇయ్యాల నాకు ఏం చెప్పకుండ్రి. ఊకె లేచి, చెప్పులేసుకొని పోండి.