ముందద్దం ఎడమ మూల

వ్యానక్క షెడ్డులోకి వస్తూనే తడి మ్యాట్ ఒకటి తెచ్చి అద్దాల అబ్బాయి బల్ల మీద పడేసింది. బల్ల మీది టీ గ్లాసు వణికింది. గ్లాసుకన్నా ముందే అబ్బాయి వణికాడు.

"డ్రైవర్ పక్క సీటు కింద మ్యాట్ ఇది. ఎంత ఎండబెట్టినా మళ్లీ తడుస్తోంది. ఎందుకో చెప్పండి," అంది. తర్వాత అతని మొహం చూసి, "మీరెందుకలా పాలిపోయారు? వ్యాన్ నాది, భయపడాల్సింది నేను," అంది.

ఆమె స్కూలు పిల్లల్ని తిప్పే వ్యాన్ నడుపుతుంది. ఆ పేరు పిల్లలు పెట్టిందే. అతను మేనమామ షెడ్డులో బళ్లకు అద్దాలు బిగిస్తాడు. నెల క్రితం ఆ వ్యాన్‌కి ముందద్దం మార్చింది అతనే. ఆ రోజు ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, వెనక సీటు పిల్లల అల్లరి చెబుతూ ఒకటే నవ్వింది. అతను అద్దానికి గమ్ము పెడుతూ ఆ నవ్వు చూశాడు. ఎడమ మూల తిప్పేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగిందా, లేదా? ఇన్నాళ్లూ గుర్తుకు రాని సంగతి, తడి మ్యాట్ చూడగానే గుర్తొచ్చింది.

"తడి తప్ప ఇంకేమైనా ఇబ్బందుందాండీ?" అని అడిగాడు, లేదంటే బాగుండునని ఆశపడుతూ.

"పోయిన గురువారం జోరువానలో, వంతెన మీద, ఉన్నట్టుండి వైపర్లు ఆగిపోయాయి. ముందు ఏమీ కనబడలేదు. హారన్ కొడితే పలకలేదు. వెనక ఎనిమిది మంది పిల్లలు." ఆమె గొంతు తగ్గింది. "పక్కకి ఎలా తీశానో నాకే తెలీదు."

అతను బల్ల మీది తడి మ్యాట్ వైపు చూశాడు.

"మా నాన్నేమో, మ్యాట్ మీదవి పిల్లల సీసాల్లో నీళ్లు, కంగారులో నువ్వే ఏదో స్విచ్ నొక్కేశావు అంటున్నారు. నాకూ అదే అనిపిస్తోంది. కారణం రాయించుకుని రేపటికల్లా తెమ్మన్నారు స్కూలువాళ్లు. నా తప్పేనని తేలితే తాళాలు నాన్నకిచ్చేస్తాను. ఇక స్టీరింగ్ పట్టుకోను."

చేతులు వెనక్కి దాచుకుంది.

నీళ్లు దూరేది ఒకచోట, తేలేది ఇంకోచోట. అందుకే కింద నుంచి మొదలుపెట్టి పైకి వెతకాలి. ముందే పైనుంచి పోస్తే అంతా తడిసి, ఏ చుక్క ఎక్కడిదో తెలియకుండా పోతుంది. అతను లోపల అతుకుల వెంట పౌడరు చల్లాడు. చుక్క జారితే పౌడరులో దారి పడుతుంది. ఆమె టార్చితో లోపల కూర్చుని తలుపులు మూసుకుంది. అతను బయట పైపు పట్టుకున్నాడు.

తలుపు రబ్బరు మీద పోశాడు.

"పొడిగానే ఉంది," లోపల్నుంచి ఆమె.

అద్దం కింద నీళ్లు పోయే కన్నంలో గుప్పెడు ఎండుటాకులు ఇరుక్కుని ఉన్నాయి. వాటిని చూసి అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇదే అయ్యుండాలని వెయ్యి దేవుళ్లకు మొక్కుకుంటూ పోశాడు.

"ఇక్కడా ఏమీ లేదు."

దేవుళ్లెవరూ పలకలేదు. ఇక అద్దం మిగిలింది. కుడి మూల దగ్గర నిమిషం నిలబెట్టాడు, పై అంచు మీద నిమిషం. ఎడమ మూలకు వచ్చేసరికి పైపు తనంతట తనే పరిగెత్తినట్టు దాటిపోయింది. దాటించింది తన చెయ్యేనని అతనికి తెలుసు.

"ఇదీ పొడే," అంది ఆమె. టార్చి ఆర్పేసింది. "అయితే నాన్న చెప్పిందే నిజం. తప్పు నాదే."

అద్దంలోంచి ఆమె మొహం కనిపించింది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది. తాళాలు స్టీరింగ్‌ పక్కనుంచి తీసి ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. ఇప్పుడు కుళాయి కట్టేస్తే అతన్ని అడిగే నాథుడు లేడు. మామయ్య తిట్లుండవు, ఈమె అసహ్యించుకోవడమూ ఉండదు. కానీ తాళాలు చేతులు మారినా వ్యాన్ అదే, పిల్లలూ వాళ్లే, మళ్లీ వానా వస్తుంది. అది తలుచుకోగానే మిగతా భయాలన్నీ చిన్నబోయాయి.

"ఉండండి. టార్చి వెయ్యండి. ఎడమ మూల దగ్గర ఇందాక నేను నీళ్లు ఆపలేదు."

ఈసారి పైపు కదల్చకుండా పట్టుకున్నాడు. మనసులో నలభై దాకా లెక్కపెట్టాడు.

"వచ్చింది," అంది ఆమె మెల్లగా. "సన్నగా... ఫ్యూజుల డబ్బా మీదకే దిగుతోంది."

కుళాయి కట్టేశాడు. ఆమె దిగి వచ్చింది.

"ఆ మూలలో గమ్ము తెగిపోయిందండీ. ఆ నీళ్లకి ఫ్యూజులు తడిసే వైపర్లూ హారనూ ఆగిపోయాయి. మీరు నవ్వుతుంటే చూస్తూ నేనే వదిలేశాను. నవ్వడం మీ తప్పు కాదు."

"అంటే నేను ఏ స్విచ్చూ నొక్కలేదు."

"లేదండీ."

ఆమె తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. అప్పుడు ఏడ్చింది. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది.

"ఇందాక కావాలనే దాటించారా?"

"అవునండీ. భయమేసింది."

"దేనికి?"

"మీరింక ఈ షెడ్డుకి రారని."

"రాకూడదనే ఉంది నాకు. కాగితం రాయండి."

రాశాడు. ఈ లోపల మామయ్య వచ్చి, కాగితం లాక్కుని, కళ్లజోడు పైకి నెట్టి చదివాడు. "నా తప్పు" అన్నచోట కొట్టేసి "మా షెడ్డు తప్పు" అని రాసి సంతకం పెట్టాడు.

"తిట్లు తర్వాత. ముందు అద్దం విప్పరా. ఇంకోటి, మన పద్ధతి మరిచావా? అద్దం పెట్టినవాడే మొదటి వానలో దాని వెనక కూర్చోవాలి. అప్పుడు వానల్లేవని ఎగ్గొట్టావు." ఆమె వైపు తిరిగాడు. "వాన పడిన రోజు వీణ్ణి పక్క సీట్లో పడేసుకెళ్లమ్మా. చెప్పులు విప్పించు, చుక్క పడితే వీడి కాళ్లకే తెలియాలి."

"ఇతను నా పక్కనా?"

"ఇష్టం లేకపోతే మాట్లాడకు. వీడి కాళ్లుంటే చాలు."

నాలుగు రోజులకు వాన వచ్చింది, అదీ సరిగ్గా బడి వేళకు. వంతెన ఎక్కేసరికి చినుకులు కాస్తా ధారలయ్యాయి. వెనక పిల్లలు గప్‌చుప్. ఆమె వేళ్లు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. అతను ఉత్త కాళ్లు మ్యాట్ మీద ఆనించి కూర్చున్నాడు. వైపర్లు కొట్టుకుంటున్నంతసేపూ ఇద్దరి ప్రాణాలూ వాటి మీదే ఉన్నాయి.

"చుక్కేమైనా పడిందా?"

"లేదండీ."

"సరిగ్గా చూడండి."

"చూశానండీ. లేదు."

వంతెన దాటింది. ఆమె వేళ్లు సడలించింది. "మీ పరీక్ష అయిపోయింది. ఇక రేపట్నుంచి రానక్కర్లేదు."

అతను ఇంకా ఉత్త కాళ్లతోనే కూర్చున్నాడు.

"ఏం, ఇంకా భయమా?"

"ఇప్పుడు వేరే భయమండీ. ఈ వాన ఆగిపోతుందేమోనని."

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. నవ్వు రాకుండా పెదవి మాత్రం పళ్లతో నొక్కిపట్టింది. వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"పిల్లల్ని దింపాక మా ఇంటికి రండి. తప్పు నా చేతులది కాదని నాన్నకి మీ నోటినుంచే తెలియాలి."

"చెబుతానండీ."

"అది చెప్పాక ఇంకేదైనా అడగాలనుంటే, అదీ ఆయన్నే అడగండి. నన్నడిగితే సరేనంటాను, అందుకని."

అద్దాల అబ్బాయికి మునుపెన్నడూ వేయనంత భయం వేసింది. అయినా వంగి, సీటు కింది చెప్పులు వెతికి తొడుక్కున్నాడు.