సంజీవమ్మ మూలలో మూడు తెరలు

హో... పిట్టా హో... దిగాకే పిట్టా,
మా చేని గింజలు చేదే పిట్టా,
పై గెనిమ దాటితే ఒడిసెల ఉండాది...
...
పొద్దు గుంకినాది, గూటికి పోవే పిట్టా.

నడిమి ముక్క ఒకటి మరిచిపోయినా. ఎంత తడుముకున్నా నోటికి రాదు. ఈ పాట నాకు నేర్పింది సంజీవమ్మ. నాకంటే పెద్దది. నేను లంగా కట్టుకుని తిరిగే పిల్లను, ఆమె అప్పటికే మూడు చేన్లకు కావలి కాసే మనిషి. శెనక్కాయ సాళ్ల నడుమ సజ్జ వేసేవాళ్లు. పిట్టలు వాలితే ఒడిసెలలో రాయి పెట్టి తిప్పుకుంటా పై చేను నుంచి నడిమి చేనికి, నడిమి చేను నుంచి కింద చేనికి గెనిమ గట్టు మీద పరిగెత్తేది. నిలబడి చూసేది. మళ్లా వెనక్కి పరిగెత్తేది. ఆ కాళ్లకు అలుపే లేదు.

ఒకరోజు దీపాలు పెట్టే పొద్దులో, ఆ మూడు చేన్లు కలిసే మూలలోనే, గెనిమ మీద పాము కరిచింది. ఇంటికి తెచ్చేలోపలే పోయింది.

అప్పట్నుంచి ఆ జాగాకు సంజీవమ్మ మూల అని పేరు. మా వల్లూరులో ఎవర్ని అడిగినా చెప్తారు. దీపాల పొద్దులో ఆ పక్కకు పోవద్దని. పోయినోళ్లందరూ ఒకటే మాట చెప్పేవాళ్లు — "పక్కన ఎవరో పరిగెత్తినట్టు ఉంటాది. మనం నిలబడితే... అది కూడా నిలబడతాది."

ఇప్పుడు చేన్లు లేవు. సోలార్ వచ్చినాక ఎటు చూసినా నల్ల పలకలే. ఎండకు మొగం తిప్పుకుని గొర్రెల మంద నిలబడినట్టు నిలబడి ఉంటాయి. ఆ మూలలోనే, సరిగ్గా ఆడనే, ఒక గట్టి కట్టడం కట్టినారు. కంట్రోల్ రూమ్ అంట.

కట్టేటప్పుడు ఊర్లో పెద్దోళ్లు చెప్పినారు, "జాగా మంచిది కాదప్పా" అని. కంపెనీ వాళ్లు నగినారు.

మా కొడుకు ఎర్రిస్వామి కూతురు నయన పావగడలో డిప్లొమా చదివింది. నాకు ముసలితనంలో పలక మీద అక్షరాలు దిద్దించింది కూడా అదే. దానికి ఆ కంట్రోల్ రూమ్‌లో పని దొరికింది. మా ఊరి ఆడోళ్లందరూ చీపుర్లు, నీళ్ల పైపులు పట్టుకుని పలకలు కడిగే పనికి పోతాంటే, నా మనవరాలు కుర్చీలో కూచునే పనికి పోయింది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పినా. వినకపోతే పిలిచి మరీ చెప్పినా.

కానీ దానికి ముందు ఆ కుర్చీలో కూచున్నోళ్లు ఒకరి వెనక ఒకరు పారిపోయినారు. ఎందుకో ఎవరూ నోరు విప్పలేదు.

నయన కూడా మొదట్లో బాగానే ఉన్నింది. ఇంటికొచ్చి నాకు అంతా అభినయం చేసి చూపించేది. బల్ల మీద పక్కపక్కన మూడు తెరలంట. టీవీల మాదిరి. మూడింటికీ కలిపి ఒకటే మౌస్. మౌస్ అంటే ఎలుక అనంగానే, నేను కాళ్లు పైకి పెట్టుకున్నా.

"అది కరిచేది కాదు లే అవ్వా! చేత్తో జరిపితే తెర మీద బాణం జరుగుతాది. ఈ తెర నుంచి ఆ తెరకు పోవాలంటే ఇట్ల జరుపు, ఎత్తు, మళ్లా జరుపు, ఎత్తు... పేలు దువ్వినట్టే. పొద్దుగుంకేసరికి మణికట్టు లాగేస్తాది."

"అంత దూరం యాడికి పోవల్ల ఆ బాణం?"

"ఎడమ తెరలో పై పక్క పలకలు, నడిమి తెరలో నడిమి పలకలు, కుడి తెరలో కింద పలకలు. యాడ గంట మోగితే ఆడికి ఉరకాల."

పై చేను, నడిమి చేను, కింద చేను... వక్క నమలడం ఆపేసినా.

తర్వాత ఒకరోజు నయన అన్నం ముందర కూచుని చెయ్యి కడుక్కోలేదు. సంగటి ముద్ద చల్లారిపోతాంది.

"అవ్వా... నవ్వొద్దు."

"నవ్వనులే, చెప్పు."

"ఆ బాణం... నేను ముట్టుకోకనే దూకుతాది."

గుసగుసగా చెప్పింది. పక్క గదిలో వాళ్ల నాయన ఉండాడు కదా.

పొద్దు మునిగి, లైట్లు వేసే వేళకు, ఎడమ తెర నడుమ ఉన్నట్టుండి బాణం వచ్చి నిలబడతాదంట. కన్ను మూసి తెరిచేలోపల నడిమి తెరలో ఉంటాది. మళ్లా కుడి తెరలో. ఆడ కాసేపు నిలబడి... చాలించుకుంటాది. మళ్లా మరుసటి రోజు అదే వేళకు.

"జరగదు అవ్వా. జరిగితే కంటికి కనపడతాది కదా. ఇది దూకుతాది. ఆడుండేది... ఈడుంటాది."

నేను దాని పక్కకు జరిగి కూచున్నా.

"నిన్న గండం తప్పింది," అనింది నయన. "ఎడమ తెరలో ఒక గుర్తు నొక్కబోతాండా. నా వేలు కిందికి దిగేలోపల బాణం నడిమి తెరకు దూకేసింది. ఆడ ఉన్నింది ఎర్ర గుర్తు. అది నొక్కితే ఆ పక్క కరెంటంతా ఆగిపోతాది. నిజంగా ఆపేదా అని అది ఇంకోసారి అడిగింది కాబట్టి సరిపోయింది. లేకుంటే... నేను ముట్టుకోలేదు, బాణమే పోయింది అంటే ఎవరు నమ్ముతారు? ఊరోళ్లకు ఈ పనులు రావు, బయటోళ్లను తెస్తాం అంటారు. నన్ను తీసేస్తే మన ఊర్లో ఇంకో పిల్లను ఆ కుర్చీ దగ్గరికి రానీరు అవ్వా."

"మీ నాయనకు చెప్పినావా?"

"చెప్తే మానుకొమ్మంటాడు. నాకు మానుకోవాలని లేదు. కానీ... కూచోవాలని కూడా లేదు."

ఆ పిల్ల కండ్లల్లో నీళ్లు చూసి నాకు భయం పోయి కోపం వచ్చింది. సంజీవమ్మ మీదనే. నా మనవరాలు అని తెలియదా నీకు?

మరుసటి రోజు నేను పోయి చిక్కన్నను పట్టుకున్నా. చిక్కన్న ఆ కట్టడానికి కావలి. ఒకప్పుడు గొర్రెలు మేపినోడు. ఇప్పుడు నీలం చొక్కా, టోపీ, ఈల. భక్తి ఎక్కువ. కంట్రోల్ రూమ్ గోడకు ఇవతల పక్క అతని చిన్న గది, అందులో దేవుని గూడు ఒకటి పెట్టుకుని రోజూ దీపం పెడతాడు.

"చిక్కన్నా, లోపల ఏమన్నా ఉండాదా?"

అతను అటూ ఇటూ చూసినాడు. "ఉండాదక్కా. నేను చూడలేదు గానీ, లోపలోళ్లు చెప్పుకుంటాంటే విన్నా. అందుకే కదా పూజ గట్టిగా చేస్తాండా! ముందు పండగలకే. ఆ కుర్చీలో ముందు ప్రకాశ్ అని ఒకాయన ఉన్నాడు చూడు, ఆయప్ప బెంగళూరుకు పోయినాక దినాం చేస్తాండా."

"మా పిల్ల పేరు మీద ఇంకొంచెం ఎక్కువ చెయ్యప్పా. పున్నెం ఉంటాది."

"ఎందుకు చెయ్యను? రెండు సుట్లు చేస్తా."

నేను నెమ్మదిగా ఇంటికి వచ్చినా. ఆ రాత్రి నయన తెల్లబోయిన మొగంతో వచ్చింది.

"అవ్వా... ఈరోజు రెండు సుట్లు దూకింది."

ఇంక నాకు ఇంట్లో కాళ్లు నిలబడలేదు. మరుసటి సాయంత్రం సద్ది డబ్బా నెపం పెట్టుకుని నేనే పోయినా. లోపలికి బయటోళ్లను రానీరు. చిక్కన్న గదిలో బెంచీ మీద కూచోబెట్టినాడు. నాకూ నయనకూ నడుమ ఒక గోడ.

పొద్దు మునిగింది. పలకల మీద వెలుగు ఆరిపోయి, ఎంత దూరం చూసినా నల్లగా... నీళ్లు లేని చెరువు మాదిరి. గాలి ఆగిపోయింది. ఇదే వేళ. ఇదే జాగా. నా కాళ్ల కిందనే యాడనో ఆ గెనిమ ఉండాల.

నయన ఫోన్ చేసింది. చెవికి ఆనించుకున్నా.

"అవ్వా, పెట్టేయొద్దు. ఊరికే పట్టుకో."

"పట్టుకున్నా తల్లీ."

నా ఎదురుగా చిక్కన్న చేతులు కడుక్కుని, దీపం ముట్టించి, కుంకం భరిణె తీసినాడు. దేవుని పటానికి బొట్టు. దీపపు కుందెకు బొట్టు. కావలి కర్రకు బొట్టు. టార్చికి బొట్టు. ఆయుధ పూజ ఆ మనిషికి రోజూ ఉన్నట్టుండాది. చివర్లో నల్ల బిళ్ల ఒకటి తీసినాడు. అరచేతిలో పట్టేంత. దాని మీద మూడు గుండీలు, కుంకంతో ఎర్రగా గడ్డకట్టి ఉండాయి.

బొటన వేలితో మొదటి గుండీ మీద బొట్టు అద్దినాడు. గట్టిగా. కళ్లు మూసుకుని.

ఫోన్లో నయన ఊపిరి ఆగింది. "అవ్వా... వచ్చింది. ఎడమ తెర."

రెండో గుండీ మీద అద్దినాడు.

"నడిమి తెర!"

నేను ఫోన్ వినాలా, చిక్కన్నను చూడాలా? మూడో గుండీ మీద బొటన వేలు పెట్టినాడు...

"కుడి—"

"ఓ చిక్కన్నా! నిలుపు!"

నా కేకకు అతని చేతిలో భరిణె జారి కుంకమంతా నీలం చొక్కా మీద పడింది. "ఏందక్కా! పూజలో అట్ల అరుస్తారా ఎవరన్నా?"

"మళ్లా నొక్కు. ఆ మొదటిదే."

"నొక్కేదేంది, బొట్టు పెట్టేది కదా!"

"ఏదో ఒకటి. పెట్టు!"

పెట్టినాడు. ఫోన్లో నయన, "అవ్వా, మళ్లా ఎడమ పక్కకు వచ్చింది!"

"నడిమిది పెట్టు."

"నడిమి పక్కకు పోయింది అవ్వా! నీకెట్ల తెలిసింది? అవ్వా? నవ్వుతాండావా నువ్వు?"

నవ్వకేం చేయాల? కొంగు నోట్లో కుక్కుకుని నవ్వినా. నయన పరుగున వచ్చింది. గడప దగ్గరే నిలబడి ఆ బిళ్లను చూసింది, చిక్కన్నను చూసింది, గోడకు ఆనుకుని జారి కూచునేసింది.

సంగతి ఇంతే. ఆ ప్రకాశ్‌కు కూడా మౌస్ జరిపి జరిపి మణికట్టు నొప్పి వచ్చిందంట. ఆయప్ప ఈ బిళ్ల తెప్పించుకున్నాడు. ఒక్కో గుండీ నొక్కితే బాణం ఒక్కో తెరకు దూకుతాది. తీగ లేదు, ఏమీ లేదు, గోడ అడ్డం ఉన్నా పనిచేస్తాది. ఆయుధ పూజ రోజు అందరూ తమ తమ పనిముట్లు దేవుని గూట్లో పెట్టినారు. ప్రకాశ్ ఈ బిళ్ల పెట్టినాడు. దానికి బొట్టు, పూలు అన్నీ అయినాయి. తర్వాత బెంగళూరులో పని వచ్చి తొందరగా పోయినాడు, తీసుకోవడం మరిచిపోయినాడు. దేవునికి పెట్టింది కదా అని చిక్కన్న దాన్ని కదిలించలేదు. దీపాల పొద్దులో దినాం బొట్టు. లోపలోళ్లు ఎంత భయపడితే ఈయన అంత గట్టిగా అద్దేది. ఈయన ఎంత గట్టిగా అద్దితే వాళ్లు అంత భయపడేది!

"నేనా దెయ్యం?" అన్నాడు చిక్కన్న, చొక్కా నిండా కుంకంతో.

"కాదు తాతా, నువ్వు దేవుడివే," అనింది నయన. "ఆ బిళ్ల ఇట్లా ఇయ్యి. నా చెయ్యి కూడా నొస్తాంది."

అతను ఇయ్యలేదు. గుండెకు హత్తుకున్నాడు. "పూజ చేసిందాన్ని ఎట్ల తీస్తావమ్మా? గూడు ఖాళీ పెడితే కీడు కదా?"

చాలాసేపు నడిచింది ఆ పంచాయితీ. ఆఖరికి నయన లోపలికి పోయి పాడైపోయిన మౌస్ ఒకటి తెచ్చింది, తోక కత్తిరించి. దానికి చిక్కన్న పసుపు నీళ్లు చల్లి, బొట్టు పెట్టి, గూట్లో కూచోబెట్టినాడు. "వినాయకుని వాహనమే కదా," అన్నాడు, తనకు తానే సర్దిచెప్పుకుంటా. బిళ్ల నయన బల్ల మీదికి పోయింది. కుంకం గీకేదానికి సేఫ్టీ పిన్ను నేనే ఇచ్చినా.

ఆ తర్వాత నయన మొగంలో వెలుగు వచ్చింది. ఎర్రిస్వామికి కథంతా చెప్పి నవ్వించింది. ఆ కుర్చీ ఇప్పుడు దానిదే. బాణాన్ని తెర నుంచి తెరకు ఎగిరిస్తాంటే చూసినోళ్లు నోరు తెరుస్తారంట. నాకూ నిద్ర పట్టింది. పాపం, సంజీవమ్మను ఊరికే తిట్టుకున్నా. ఒకరోజు కూచుని ఆ పిల్లకు ఆమె కథ చెప్పినా. పై చేను నుంచి కింద చేను దాకా గెనిమ మీద ఎట్ల పరిగెత్తేదో, ఎట్ల పాడేదో. పాట కూడా పాడినా, వచ్చినంత వరకు. నడిమి ముక్క ఏందవ్వా అని అడిగింది. మరిచిపోయినా తల్లీ, అది తెలిసిన మనిషి ఒకటే అన్నా.

నిన్న దీపాల పొద్దులో ఫోన్ మోగింది. చిక్కన్న రాలేదు, గొర్రెలు చూసేదానికి మంగళవాడకు పోయినాడు.

"అవ్వా," అనింది నయన. గొంతులో భయం లేదు. సంతలో పాత పరిచయస్తులు కనపడితే ఉంటాదే, అట్లాంటి గొంతు. "బిళ్ల దూరంగా పెట్టినా. మౌస్ కూడా వదిలేసి చేతులు కట్టుకుని కూచున్నా. బాణం పోతాండాది."

"దూకుతాందా?"

"దూకడం లేదు. బిళ్ల నొక్కితే కదా దూకేది. ఇది నడుస్తాండాది అవ్వా... తెర కింద అంచు పట్టుకుని, గెనిమ మీద నడిచినట్టు. ఎడమ నుంచి నడిమికి... నడిమి నుంచి కుడికి. ఇప్పుడు మూలలో నిలబడింది."

ఫోన్ పట్టుకుని చీకట్లో అట్లనే నిలబడినా. అవతల నా మనవరాలు మెల్లగా నవ్వింది.

"నిలబడే ఉండాది అవ్వా. నువ్వు మరిచిపోయిన ఆ పాట ముక్క ఏందో... అడిగేదా?"