నీలం దారం ముడి

సముద్రం వెనక్కి తగ్గింది. ఐర్లండ్ పడమటి ఒడ్డున, తడి ఇసుకలో దారి గుర్తుకు పాతిన స్తంభాల వెంటే ఊనా, ఆమె తమ్ముడు ఫెస్టీ దీవికి నడిచారు. అమ్మను అక్కడ పాతిపెట్టి ఏడాది. ఏనాటి పునీతుడో కట్టిన రాతి గుడికి మోకాటెత్తు గోడలే మిగిలాయి. చుట్టూ ఊరివాళ్ళ సమాధులు.

ఆఖరున మట్టిలోకి వెళ్ళినవాళ్ళే ఆ సమాధులకు కాపలా. మరో శవం వచ్చేదాకా గేటు దగ్గర నిలబడాల్సిందే. ఏడాదిగా ఊళ్ళో ఒక్క చావూ లేదు. అందరూ సంతోషించారు. ఊనాకు మాత్రం ఉడికిన దుంప కూడా గొంతు దిగేది కాదు.

"మోకాళ్ళ నొప్పుల మనిషిరా. వానలో ఎన్నాళ్ళు నిలబడుతుంది?"

"అమ్మా? ఈపాటికి చచ్చినవాళ్ళందరికీ చీవాట్లు పెట్టి వరసలో నిలబెట్టేసుంటుంది," అన్నాడు ఫెస్టీ. "ఏడవకక్కా, ముక్కు ఎర్రబడింది."

ఊనా నవ్వలేదు. సమాధి మీద చెయ్యి వేసి గుసగుసగా అంది. "దేవుడా, అమ్మను విడిపించు. తొందరగా ఇంకొకళ్ళని పంపు."

అన్నాక చేత్తో నోరు మూసుకుంది. నా నోరు పడిపోను! ఇంకొకళ్ళంటే ఎవరు?

గేటు కిర్రుమంది. గాలి లేదు.

"పదరా. నీళ్ళొచ్చేస్తాయి."

సగం దారిలో పొగమంచు కమ్మేసింది. నాచు కంపు... దాని వెనకే తడిసిన ఉన్ని వాసన. అమ్మ శాలువా వాసన. పక్కనున్న ఫెస్టీ లేడు. స్తంభం కనబడలేదు. నీళ్ళు చీలమండలు దాటాయి.

"ఫెస్టీ! నీకు దణ్ణం పెడతా, పలకరా!"

ఎక్కడో ముసలి దగ్గు... మళ్ళీ దగ్గు...

ఊనా ఏడుస్తూ, తడుముకుంటూ ఒడ్డెక్కింది. రాయి మీద వణుకుతూ కూర్చున్నాడు ఫెస్టీ. హమ్మయ్య, బతికే ఉన్నాడు!

"నన్ను లాక్కొచ్చి ఇక్కడ కూర్చోబెట్టి మళ్ళీ ఎటు పోయావక్కా? నీ చేతులు ఎంత చల్లగా ఉన్నాయో! ఇదిగో నీ జపమాల. పట్టుకోమని ఇచ్చావుగా."

నల్ల పూసలు. తెగినచోట నీలం దారంతో ముడి. ఆ ముడి వేసింది ఊనాయే. శవపెట్టె మూసేముందు అమ్మ వేళ్ళకు చుట్టిందీ ఊనాయే.

చటుక్కున లాక్కుని మెడలో వేసుకుంది. "అడిగింది నేనమ్మా," అంది దీవి వైపు తిరిగి. "వాడు కాదు... నేను."

రాత్రంతా తమ్ముడి మంచం పక్కనే కూర్చుంది. తెల్లవారుతుండగా రెప్ప వాలింది. ఒక్క క్షణమే.

కళ్ళు తెరిస్తే మెడ ఖాళీ. గదిలో తడి ఉన్ని వాసన. ఫెస్టీ వెల్లకిలా నిద్రపోతున్నాడు. పూసలు వాడి వేళ్ళకు చుట్టి ఉన్నాయి... తను అమ్మకు చుట్టినట్టే.

ఊపిరి ఆడుతోంది. ఆడుతోంది. పూసలు విప్పబోయి ఆగిపోయింది.

తను వేసిన ముడి పక్కన ఇంకో ముడి, తన మెడలోంచి తెంపి వాడి కోసం మళ్ళీ కట్టినట్టు. నీలం దారమే. ఇంకా తడి ఆరలేదు.